ఫోటో పోటీల చరిత్రలో మన ముఖం

దండారి మొదలైందంటే మా గూడేలకు చుట్టాలతో పాటు కెమెరాల వాళ్లు కూడా వస్తారు. దీపావళికి ముందు రోజుల్లో ఉట్నూరు, జైనూరు దారుల్లో మెడలో రెండేసి కెమెరాలు వేసుకున్నవాళ్లు కనబడుతూనే ఉంటారు. గుస్సాడీల నెమలి ఈకల టోపీ, ఒంటికి పూసుకున్న బూడిద, మెడలో పూసలు, చేతిలో కర్ర, వెనుక డప్పులు. వాళ్లకు కావలసినవన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. చాలామంది మర్యాదగా అడిగే తీసుకుంటారు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ ఆ ఫోటోలు ఆ తర్వాత ఎక్కడికి పోతాయో మాకు చాలా ఏళ్లు తెలియదు.

ఒకసారి శిక్షణ కోసం పట్నం వెళ్లిన మేము నలుగురు టీచర్లం, సాయంత్రం ఖాళీగా ఉండి ఒక ఫోటోల ప్రదర్శనకు వెళ్లాం. లోపలికి అడుగుపెట్టగానే ఎదురు గోడ మీద మా పక్క గూడెం పెద్దాయన ముఖం. మనిషంత ఎత్తు ఫోటో. కింద ఇంగ్లీషులో 'ట్రైబల్ వారియర్' అని రాసి ఉంది. దాని కింద ఫోటో తీసినాయన పేరు, పేరు వెనుక బిరుదుల అక్షరాలు, మూలన బంగారు రంగు చీటీ. ఆ పెద్దాయన యోధుడేమీ కాదు. ఊళ్లో ఎవరింట్లో పెళ్లి జరిగినా జొన్నలు కొలిచి ఇచ్చే బాధ్యత ఆయనది. అంతకు ముందు ఏడే చనిపోయాడు. మాలో ఒకరు ఆయన పేరు పైకే అన్నారు. బల్ల దగ్గర కూర్చున్న అబ్బాయి 'ఈయన మీకు తెలుసా సార్' అని ఆశ్చర్యపోయాడు. ఆ అబ్బాయిది తప్పేమీ లేదు. అతని దగ్గరున్న పుస్తకంలో ఆ పేరే లేదు.

ఆ రోజు నుంచి ఈ పోటీల సంగతి ఏమిటో తెలుసుకోవాలని మొదలుపెట్టాం. ఫోటోలు ఎవరు పంపుతారు, ఎవరు ఎంచుతారు, ఈ పద్ధతి ఎప్పుడు పుట్టింది, ఇందులో మనం ఎక్కడున్నాం? ఇప్పుడు మా పిల్లల చేతుల్లో కూడా ఫోన్లున్నాయి. 'సార్, మేం పంపొచ్చా' అని వాళ్లు అడుగుతున్నారు. అందుకే చదివినంత మేరకు ఇక్కడ రాస్తున్నాం.

ఈ పోటీల్ని ఫోటోలవాళ్లు 'సలాన్' అంటారు. ఆ మాట వినగానే మా పిల్లలు నవ్వారు, క్షౌరశాల అనుకుని. నిజానికి రెండూ ఒకే మాట. ఫ్రెంచి భాషలో సలాన్ అంటే పెద్ద గది. పారిస్‌లో లూవ్ర్ రాజభవనంలోని ఒక పెద్ద గదిలో 1725 నుంచి చిత్రకారుల బొమ్మలు ప్రదర్శనకు పెట్టేవారు. గది పేరే ప్రదర్శనకు పేరైంది. ఏ బొమ్మ గోడ ఎక్కాలో, ఏది ఎక్కకూడదో తేల్చడానికి కొందరు పెద్దలు కూర్చునేవారు. వాళ్లే జ్యూరీ. 1863లో ఆ జ్యూరీ ఎన్ని బొమ్మల్ని తోసేసిందంటే, చిత్రకారుల గొడవకు చక్రవర్తే దిగివచ్చి, తోసేసిన బొమ్మలన్నింటికీ వేరే ప్రదర్శన పెట్టించాడు. జనం నవ్వడానికే ఎక్కువగా వెళ్లారు. అందరూ ఎగతాళి చేసిన వాటిలో మానే వేసిన బొమ్మ ఒకటి. తర్వాతి కాలంలో పాఠ్యపుస్తకాల్లో నిలిచింది అదే. పోటీకి పంపి తిరిగొచ్చిన ప్రతి పిల్లవాడికీ ఈ ముక్క చెప్పాలని మాకు అనిపిస్తుంది. తిరిగొచ్చిన ప్రతి బొమ్మా మానే బొమ్మ కాదనుకోండి, అది వేరే మాట.

ఫోటో అనేది లోకానికి తెలిసింది 1839లో. అది కళ కాదు, యంత్రం చేసే పని అని చిత్రకారులు చాలాకాలం వాదించారు. 1859లో పారిస్‌లో ఫోటోలకు సలాన్ పక్కనే చోటిచ్చారు కానీ దారి మాత్రం వేరుగా పెట్టారు. ఒకే ఇంట్లో వంటకు వేరే పొయ్యి పెట్టినట్టు. కళగా ఒప్పించుకోవాలని ఫోటోలవాళ్లు చిత్రకారుల పద్ధతినే పట్టుకున్నారు. 1891లో వియన్నాలో జరిగిన ప్రదర్శనకు సుమారు నాలుగు వేల ఫోటోలు వస్తే ఆరు వందలే ఎంచారు. ఎంచినవాళ్లు ఫోటోగ్రాఫర్లు కాదు, చిత్రకారులూ శిల్పులూ. 1893లో లండన్‌లో 'లింక్డ్ రింగ్' అనే బృందం ఫోటోలకే సొంత సలాన్ పెట్టింది. 1898లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో అలాంటిదే మొదలైంది. మొదటి ఏడు జ్యూరీలో చిత్రకారులూ ఉన్నారు. మరుసటి ఏడు జ్యూరీ మొత్తం ఫోటోగ్రాఫర్లే, అందులో ఇద్దరు ఆడవాళ్లు కూడా. మన పని మంచిదో కాదో మనమే చెప్పుకుంటాం అని ఫోటోగ్రాఫర్లు అనడానికి అరవై ఏళ్లు పట్టింది.

ఇంతవరకు ఇది పట్నం వాళ్ల కథ. మన కథ కూడా అక్కడే, ఆ 1898లోనే మొదలవుతుంది. మనది అంటే ఇక్కడి గోండులదో కోయలదో కాదు, అమెరికా ఆదివాసులది. దూరమే. కానీ మనకు తర్వాత జరిగినవన్నీ వాళ్లకు ముందే జరిగాయి.

అమెరికా పడమటి తీరంలో సియాటిల్ అనే నగరం ఉంది. ఆ పేరు అక్కడి ఆదివాసీ నాయకుడిది. 1855లో ఒక ఒప్పందం పేరుతో ఆయన జనాన్ని ఆ నేల వదిలి పొమ్మన్నారు. ఆయన కూతురు మాత్రం పోలేదు. ఆమె పేరు కికిసోబ్లు. తెల్లవాళ్లు ఆమెకు ఏంజెలిన్ అని పేరు పెట్టి, రాకుమారి అని పిలిచి, బట్టలు ఉతికించుకున్నారు. తండ్రి పేరున్న ఊళ్లోనే సముద్రపు ఒడ్డున చిన్న గుడిసెలో ఉంటూ, గుల్లలు ఏరుకుంటూ ముసలిదైంది. ఎడ్వర్డ్ కర్టిస్ అనే ఫోటోగ్రాఫర్ ఆమెను చూసి ఫోటోలు తీశాడు. ఒక్కో ఫోటోకు ఒక్క డాలరు ఇచ్చానని ఆయనే రాసుకున్నాడు. 1896లో ఆమె చనిపోయింది. 1898లో ఒక జాతీయ ప్రదర్శనకు ఎంపికైన కర్టిస్ ఫోటోలు మూడింటిలో రెండు ఆమెవే. ఒకదాని పేరు గుల్లలు తవ్వే మనిషి, ఇంకొకదాని పేరు ఆల్చిప్పలు ఏరే మనిషి. కికిసోబ్లు అనే పేరు రెండింటిలోనూ లేదు. బంగారు పతకం వచ్చింది మూడో ఫోటోకు. అయినా కర్టిస్ పేరు ఊరూరా తెలియడం ఆ ప్రదర్శనతోనే మొదలైంది. ఆ తర్వాత ఆయన అమెరికా ఆదివాసుల మీద ఇరవై సంపుటాలు తెచ్చాడు. అవి 1907 నుంచి 1930 దాకా వచ్చాయి.

ఆ సంపుటాల్లోని ఒక ఫోటో సంగతి టీచర్లు క్లాసులో తప్పక చెప్పాలి. పీగన్ తెగవాళ్ల గుడారంలో తండ్రీ కొడుకులు కూర్చుని ఉంటారు. వాళ్ల మధ్య ఒక అలారం గడియారం ఉంది. అసలు నెగటివ్‌లో అది స్పష్టంగా కనిపిస్తుంది. పుస్తకంలో అచ్చైన ఫోటోలో లేదు. చెరిపేశారు. ఆదివాసీ ఇంట్లో గడియారం ఉంటే కొనేవాళ్లకు అది ఆదివాసీ ఇల్లులా అనిపించదు కదా.

అదే 1898లో న్యూయార్క్‌లో గెర్‌ట్రూడ్ కాసెబియర్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేది. మరుసటి ఏడు ఫిలడెల్ఫియా జ్యూరీలో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లలో ఈమె ఒకరు. ఊరికి ఒక ప్రదర్శన బృందం వచ్చింది. గుర్రాల మీద లకోటా ఆదివాసులతో యుద్ధపు ఆటలు ఆడించే బృందం అది. కాసెబియర్ వాళ్లను తన స్టూడియోకు పిలిచింది, గౌరవంగానే చూసింది. ఐరన్ టెయిల్ అనే పెద్దమనిషిని మాత్రం ఈకల కిరీటం, ఆభరణాలు తీసేసి మామూలుగా కూర్చోమంది. లోపలి మనిషిని చూపాలని ఆమె ఉద్దేశం. ఆయన కూర్చున్నాడు. కొన్ని రోజుల తర్వాత ఫోటో చేతిలో పెడితే, మరీ చీకటిగా ఉందంటూ అక్కడికక్కడే చింపేశాడు. ఆమె ఈసారి కిరీటంతో మళ్లీ తీసింది. అప్పుడు ఆయన సంతోషించాడు.

మేము ఈ సంఘటన గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. కిరీటం తీయించిన ఫోటోనే కళగా గొప్పదని ఇప్పటికీ చాలామంది మెచ్చుకుంటారు, మాకూ అది మంచి ఫోటోగానే కనబడింది. కానీ ఐరన్ టెయిల్ తన ముఖం మీద తానే జ్యూరీగా కూర్చున్నాడు. ఆ కాలంలో ఏ సలాన్‌లోనూ ఒక ఆదివాసీకి ఆ కుర్చీ దొరకలేదు. ఆయన దాన్ని స్టూడియోలో నిలబడే తీసుకున్నాడు.

ఇక మన దేశం. ఫోటో ఇక్కడికి చాలా తొందరగా వచ్చింది. 1854లో బొంబాయిలో, 1856లో కలకత్తాలో, మద్రాసులో ఫోటోగ్రఫీ సంఘాలు పుట్టాయి. మద్రాసు సంఘం కంటే ముందే, 1855లో అక్కడ జరిగిన పెద్ద వస్తు ప్రదర్శనలో లినియస్ ట్రైప్ అనే సైనికాధికారి 68 ఫోటోలు పెట్టాడు. అన్నీ గుళ్లవే. అప్పటి ప్రదర్శనల్లో గుడికీ కోటకూ గౌరవం దక్కింది. మనుషుల వంతు వచ్చేసరికి లెక్క మారింది. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాల్లో 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే పుస్తకం ప్రభుత్వం వేయించింది. నాలుగు వందలకు పైగా ఫోటోలు. కులాలు, తెగలు వరుసగా. ఏ తెగ ప్రభుత్వానికి లొంగి ఉంటుంది, ఏది ఉండదు అన్నట్టు రాతలు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ తలలు, ముక్కులు కొలుస్తూ తిరిగి, 1909లో ఏడు సంపుటాలు తెచ్చాడు. అవి కళ కోసం తీసినవి కావు. అయినా ఎదురుగా నిలబెట్టి, చెట్టు వెనుక పెట్టి, విల్లు చేతికిచ్చి తీసే పద్ధతి ఆ పుస్తకాల్లో గట్టిపడింది. తర్వాత పోటీలకు వెళ్లిన ఎన్నో ఫోటోల్లో మాకు ఆ నిలబెట్టడమే కనబడుతుంది.

మా ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. హైదరాబాదులో లాలా దీన్ దయాళ్ అంతటి ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. ఆరో నిజాం ఆయనకు రాజా బిరుదు ఇచ్చాడు. 1893లో అమెరికాలోని షికాగో ప్రపంచ ప్రదర్శనలో కూడా ఆయన పనికి గుర్తింపు వచ్చింది. ఆయన కెమెరా ముందు దర్బారులు, వేటలు, భవనాలు. మా అడవుల్లో కెమెరా పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగింది మాత్రం ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెండార్ఫ్. 1940లో చెంచుల దగ్గరికి, తర్వాత కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత మా గోండుల దగ్గరికి వచ్చాడు. మార్లవాయిలో గోండు యువకుల్ని టీచర్లుగా తయారుచేసే కేంద్రం పెట్టించాడు. టీచర్లమైన మేము ఆ కేంద్రానికి ఇప్పటికీ రుణపడి ఉన్నాం. ఆయన తీసిన వేల ఫోటోలు లండన్‌లోని సోయాస్ అనే విశ్వవిద్యాలయ కళాశాలలో ఉన్నాయి. వాటిని ఇప్పుడు కంప్యూటర్‌లో చూడొచ్చు. అవి పతకాల కోసం తీసినవి కావు. అందుకే కాబోలు, వాటిలో మా తాతలు ఏదో ఒక పని చేస్తూ ఉంటారు. మార్లవాయి నుంచే వచ్చిన గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మాత్రం దేశమంతా ఒక గుస్సాడీ ముఖాన్ని పేరుతో సహా చూసింది.

స్వాతంత్య్రం తర్వాత పోటీలు ఒక గాటన పడ్డాయి. 1950లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య ఏర్పడింది. దాన్ని పొట్టిగా ఫియాప్ అంటారు. 1953లో మన దేశపు సమాఖ్య బెంగళూరులో జి.థామస్ గారి పూనికతో మొదలైంది. పట్నం ప్రదర్శనలో ఆ ఫోటోగ్రాఫర్ పేరు వెనుక మేము చూసిన అక్షరాలు ఈ ఫియాప్ బిరుదులే. ఎన్ని దేశాల పోటీల్లో ఎన్ని ఫోటోలు ఎంపికయ్యాయో లెక్కగట్టి వాటిని ఇస్తారు. లెక్క పెరగాలంటే చాలా పంపాలి. చాలా పంపాలంటే జ్యూరీ కళ్లు చటుక్కున ఆగే ఫోటో కావాలి. మా దండారికి అంతమంది ఎందుకొస్తారో అప్పుడు అర్థమైంది.

లోపల ఏం జరుగుతుందంటే, సాధారణంగా ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు. ఫోటోలు తెర మీద ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఒక్కోటి కొన్ని సెకన్లే. తీసినవాళ్ల పేరు వాళ్లకు కనబడదు, ఫోటో మీద పేరు రాస్తే తీసేస్తారు కూడా. ఒక్కొక్కరు మార్కు వేస్తారు, మూడూ కలుపుతారు, ఒక గీత గీస్తారు. గీత పైనున్నవి గోడ ఎక్కుతాయి. పంపిన నాలుగింట్లో మూడు దాకా ఎక్కవు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఆగిపోతాయి. మా పరీక్ష పేపర్లు దిద్దినట్టే ఉంటుందని మాలో ఒకాయన అన్నారు. నూరు పేపర్లు దిద్దాక నూటొకటోది ఎలా దిద్దుతామో మాకు తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

పంపే పిల్లలు నియమాలు మొదటి నుంచి చివరి దాకా చదవాలి. కొన్నింటికి ఫీజు ఉంటుంది. ఫీజు కట్టిన అందరికీ ఏదో ఒక పతకం ఇచ్చే పోటీలు కూడా ఉన్నాయి, వాటికి డబ్బు తగలేయొద్దు. ఒకసారి ఒక పేరుతో పంపిన ఫోటోను మరో పోటీకి వేరే పేరుతో పంపడం ఫియాప్ పోటీల్లో కుదరదు. కాబట్టి పేరు ముందే ఆలోచించి పెట్టాలి. పేరు పెట్టే గడి చిన్నదే కానీ అందులోనే అంతా ఉంది. కికిసోబ్లు పేరు పోయింది ఆ గడిలోనే, మా పెద్దాయన పేరు పోయిందీ అక్కడే.

విభాగాలు కూడా తెలుసుకోవాలి. మామూలు కలర్, మోనోక్రోమ్ విభాగాల్లో ఏం కలిపినా, ఏం చెరిపినా చాలాచోట్ల అడగరు. యాత్రల విభాగం అలా కాదు. ఫోటో కోసమే ఏర్పాటు చేసిన కార్యక్రమాలు, డబ్బిచ్చి నిలబెట్టిన మనుషులు అందులో తగవని అమెరికా ఫోటోగ్రఫీ సంఘం నియమమే ఉంది. ఉన్నదాన్ని చెరపడమూ కుదరదు. అంటే కర్టిస్ గడియారం ఈ రోజు ఆ విభాగంలో పాస్ కాదు. ఈ నియమం మన పిల్లలకు మేలు. బయటివాళ్లు నిలబెట్టి తీయాల్సింది, మన పిల్లలకు పొద్దున లేస్తే ఇంటి ముందే ఉంటుంది.

ఇక్కడ హోరేస్ పూలా గురించి చెప్పకుండా ఉండలేం. ఆయన అమెరికాలోని ఒక్లహోమాకు చెందిన కయోవా ఆదివాసీ. 1906లో పుట్టాడు. తనవాళ్ల పెళ్లిళ్లు, సంతలు, సైన్యంలో చేరిన కుర్రాళ్లు, కొత్త కార్లు, ఈకల కిరీటాలు, ఫ్యాషన్ చెప్పులు అన్నీ కలిపి యాభై ఏళ్లు తీశాడు. ఏదీ చెరపలేదు. ఫోటోల్ని పోస్టుకార్డులుగా వేసి జాతరల్లో అమ్ముకునేవాడు. కొన్నింటి వెనుక ముద్ర కొట్టేవాడు, ఇది ఒక ఇండియన్ తీసిన ఫోటో అని. అక్కడ ఇండియన్ అంటే ఆదివాసీ. బతికుండగా ఆయనకు సొంత ప్రదర్శన ఒక్కటే జరిగింది, 1979లో, తన ప్రాంతంలోనే అనడార్కోలోని మ్యూజియంలో. 1984లో చనిపోయాడు. 2014లో న్యూయార్క్‌లోని ఆదివాసీ జాతీయ మ్యూజియం ఆయన ఫోటోల్ని పెద్దగా ప్రదర్శించింది. ముప్పై ఏళ్లు ఆలస్యం. అయినా ఫోటోల్లోని వాళ్ల పేర్లు చెప్పడానికి ఆయన ఇంటివాళ్లు, ఊరివాళ్లు ఉన్నారు.

మా బడిలో చదివి ఇప్పుడు ఇంటర్ చేస్తున్న ఒక కుర్రాడు గత వేసవిలో వాళ్ల అవ్వను ఫోటో తీశాడు. తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరుతోంది. నేలంతా పువ్వు, అవ్వ వంగి ఉంది, పక్కన నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు. ఫోన్‌తో తీసిందే అయినా వెలుగు బాగా పడింది. పోటీకి పంపుతానని మా దగ్గరికి తెచ్చేసరికి అందులో టబ్బు లేదు. ఫోన్‌లోనే చెరిపేశాడు. బాగుండదని చెరిపాడట. మేము గడియారం కథ చెప్పాం, కానీ వాడికి అంతగా ఎక్కలేదు. అవ్వకు చూపించావా అని అడిగాం. చూపించలేదు.

మరుసటి వారం వాడే వచ్చి చెప్పాడు. అవ్వ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, ముందు అడిగింది టబ్బు గురించేనట. 'నా టబ్బేదిరా? అంగట్లో నూట ఇరవై పెట్టి కొన్న, నువ్వెవడివి తీసేయడానికి?' అందట. తర్వాత, ఫీజు కడితే ఫోటో వాళ్లే ఉంచేసుకుంటారా అని అడిగింది. ఆ ప్రశ్నకు నియమాల కాగితం మళ్లీ తీసి చదవాల్సి వచ్చింది. ప్రదర్శనకు, పుస్తకానికి వాడుకుంటారు, హక్కు తీసినవాడిదే అని ఉంది. తీయించుకున్నవాళ్ల గురించి ఒక వాక్యం ఉంది, అనుమతి బాధ్యత తీసినవాడిదేనని. అవ్వ ఒప్పుకుంది. ఫోటో కింద పేరు గడిలో ఆమె పేరు, ఇప్పపువ్వు అని రాశాడు. ఆ పేరు మేము ఇక్కడ రాయడం లేదు. ఆమె ఒప్పుకున్నది ఫోటో కింద రాయడానికే.

ఆ పోటీలో అది ఎంపిక కాలేదు. గీతకు ఒక్క మార్కు తక్కువైంది. టబ్బు వల్లనే అని వాడి స్నేహితులు, వెలుగు ఒక పక్క ఎక్కువైందని మేము. ఎవరి మాట నిజమో జడ్జీలకే తెలియాలి. ఈ ఏడు ఇంకో పోటీకి పంపుతున్నాడు. పేరు అదే, టబ్బు కూడా ఉంది.